మొదటి గంట ఎవరు కొట్టారు?

శ్రీవిల్లిపుత్తూరు నుంచి మదురైకి సుమారు 75 కిలోమీటర్లు. 1623 నుంచి 1659 దాకా మదురైని ఏలిన తిరుమల నాయకుడు రోజూ ఆండాళ్ గుడిలో పూజ అయిన కబురు అందాకే భోజనానికి కూర్చునేవాడని ఆ వైపు ఊళ్ళలో చెప్పుకుంటారు. అంత దూరం కబురెలా వెళ్ళేది? గుడి దగ్గర గంట కొడితే ఆ మోత వినబడే దూరంలో ఒక మండపం ఉండేది. అక్కడివాడు విని తన గంట కొడితే దాని అవతల మరో మండపం. అలా గంట వెంట గంట మోగుతూ రాజుగారి చెవిన పడేదట. పాంచాలంకురిచ్చి కట్టబ్రహ్మనకీ తిరుచెందూరు మురుగన్ గుడికీ మధ్య కూడా ఇలాంటి కథే ఉంది. ఇద్దరూ తెలుగు మూలాలున్న పాలకులే కాబట్టి ఈ గంటల ముచ్చటలో మనకూ కాస్త వాటా ఉంది.

ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది పక్కనపెట్టి ఊరికే ఒక లెక్క వేద్దాం. మండపానికీ మండపానికీ మధ్య రెండు కిలోమీటర్లు అనుకుంటే 37 అంచెలు. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే దారి మొత్తానికి నాలుగు నిమిషాలు కూడా పట్టదు. ప్రతి మండపంలో మనిషి విని, తాడు అందుకుని, కొట్టడానికి అయిదేసి సెకన్లు వేసుకున్నా ఇంకో మూడు నిమిషాలు. ఏడు నిమిషాల్లో కబురు మదురై చేరింది! గుర్రానికి సాధ్యం కాని పని. అయితే రెండో లెక్క అంత ముచ్చటగా ఉండదు. ఒక్కో గంటవాడు నూరు రోజుల్లో 99 రోజులు పొరపాటు చేయడనుకోండి. అంత నమ్మకస్తులు 37 మంది వరసగా ఉన్నా, మొత్తం గొలుసు సరిగ్గా పనిచేసేది నూటికి 69 రోజులే. మిగతా రోజుల్లో రాజుగారు పస్తుండాలి, లేదంటే పూజ కాకముందే ముద్ద నోట్లో పెట్టుకోవాలి.

మధ్య మండపంలో నిలబడ్డవాడి సంగతి చూడండి. వాడికి గుడి కనబడదు. తెలిసిందల్లా పక్క మండపంలో గంట మోగిందని. వాడు నమ్మింది పూజని కాదు, పక్క మండపంలోని మనిషిని. ఫోన్లో వార్త అందుకునే మనమూ ఆ మధ్య మండపంలోనే ఉన్నాం. బావగారు పంపారు, కాలేజీ నాటి స్నేహితురాలు పంపింది, రిటైరైన హెడ్మాస్టరు గారు పంపారు. వాళ్ళమీద మనకున్న నమ్మకం వాళ్ళు పంపినదాని మీదికి చడీచప్పుడు లేకుండా పాకుతుంది.

పాతకాలం పుకారుకీ ఇప్పటి ఫార్వర్డ్‌కీ ఒక తేడా ఉంది. గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1947లో పుకార్ల మీద పుస్తకం రాశారు. ఒకరికి బొమ్మ చూపించి, దాన్ని రెండోవాడికి వర్ణించమని, ఆ రెండోవాణ్ణి మూడోవాడికి చెప్పమని ప్రయోగాలు చేశారు. అయిదారు నోళ్ళు మారేసరికి వివరాల్లో దాదాపు 70 శాతం రాలిపోయాయి. మిగిలినవి పదునెక్కాయి, చెప్పేవాడి అభిప్రాయాల రంగు పులుముకున్నాయి. నోటిమాటకి ఆ అరుగుదలే ఆనవాలు. విన్నవాడికి ఇది ఎన్నో నోళ్ళు మారి వచ్చిందని తెలిసిపోయేది. ఫార్వర్డ్‌లో ఏదీ అరగదు. వెయ్యో మనిషికి చేరిన వీడియో కూడా ఇందాకే తీసినట్టుంటుంది. రాలిపోయేది ఒక్కటే: ఎవరు తీశారు, ఎక్కడ, ఎప్పుడు, ముందూ వెనకా ఏముంది అన్న సంగతి. విషయం చెక్కుచెదరదు, దాని పుట్టుక చెరిగిపోతుంది. ఇవాళ వార్తకి పట్టిన అసలు జబ్బు ఇదేనని నా అభిప్రాయం. యంత్రాలు పుట్టించే దొంగ బొమ్మలకి నేను రెండో స్థానమే ఇస్తాను.

దీనికి ఉదాహరణ శ్రీవిల్లిపుత్తూరులోనే దొరికింది. 2024 డిసెంబర్ 15, ఆదివారం. మర్నాడే ధనుర్మాసం మొదలు. సంగీత దర్శకుడు ఇళయరాజా ఆండాళ్ గుడికి వచ్చారు. దర్శనం సమయంలో గర్భగుడి ముందుండే అర్ధమండపం గడప దగ్గర ఆయనతో ఏదో చెప్పడం, ఆయన బయటికి జరిగి నిలబడటం ఒక చిన్న వీడియోలో కనిపించింది. గంటల్లో అది దేశమంతా తిరిగింది. వీడియోతోపాటు ఒక వాక్యం కూడా తిరిగింది: ఇళయరాజాని గుడిలోంచి పంపేశారు. కారణం కులమేనని చాలామంది తేల్చేశారు.

తర్వాత దేవాదాయశాఖ అధికారుల వివరణ వచ్చింది. అర్ధమండపంలో ఉత్సవమూర్తులు ఉంటాయి, అర్చకులూ జీయర్లూ వంటివారు తప్ప ఇతరులు అందులోకి వెళ్ళే ఆనవాయితీ లేదు, జీయర్‌తో కలిసి వస్తూ ఇళయరాజా లోపలికి అడుగుపెట్టారు, సంగతి చెప్పగానే ఒప్పుకుని బయట నిలబడి దర్శనం చేసుకున్నారు అన్నది దాని సారాంశం. డిసెంబర్ 16న ఇళయరాజా కూడా ఎక్స్‌లో స్పందించారు. తన గురించి అబద్ధాలు ప్రచారం చేస్తున్నారనీ, ఆత్మగౌరవాన్ని ఎక్కడా వదులుకునే మనిషిని కాననీ, జరగనిదాన్ని జరిగినట్టు చెప్పే మాటల్ని అభిమానులు నమ్మవద్దనీ రాశారు.

ఆ వీడియో దొంగది కాదు. గడప నిజం, మనిషి నిజం, వెనక్కి జరగడం నిజం. కెమెరా పట్టుకోలేనిది 'ఎందుకు' అన్న ముక్కని. ఆ ఖాళీలోకి వాక్యం వచ్చి కూర్చుంది. నమ్మినవాళ్ళని తెలివితక్కువవాళ్ళనడం కూడా సరికాదు. గుడి గడపల దగ్గర మనుషుల్ని ఆపిన చరిత్ర ఈ ప్రాంతానికి నిజంగానే ఉంది. పక్కనే ఉన్న శివకాశిలో నాడార్ల ఆలయ ప్రవేశం మీద 1899లో పెద్ద అల్లర్లే జరిగాయి. మదురై మీనాక్షి గుడి తలుపులు దళితులకి తెరుచుకున్నది 1939లో. ఇలాంటి గతం ఉన్నచోట చిన్న ఆధారం కూడా పెద్ద రుజువులా అనిపిస్తుంది. గణితంలో దీన్ని బేయ్స్ సూత్రంతో లెక్కగట్టవచ్చు: ముందున్న నమ్మకం ఎంత గట్టిదైతే కొత్త సాక్ష్యం అంత బలహీనంగా ఉన్నా సరిపోతుంది. అర్ధమండపం ఆనవాయితీ న్యాయమా కాదా అని వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. కానీ అది వేరే ప్రశ్న. ఆ రోజు ఏం జరిగిందన్న ప్రశ్నకి అది జవాబు కాదు.

నిజం బొమ్మకి అబద్ధపు వాక్యం తగిలించడం అబద్ధాల్లో అతి చౌక రకం. పైసా ఖర్చు లేదు, నైపుణ్యం అక్కర్లేదు. శ్రీవిల్లిపుత్తూరు ఉన్న విరుదునగర్ జిల్లాకి దీపావళితో ఉన్న సంబంధం తెలిసిందే, దేశంలో కాలే టపాసుల్లో సింహభాగం శివకాశివి. అందుకని దీపావళి రాత్రి అంతరిక్షం నుంచి భారతదేశం ఇలా వెలిగిపోయిందంటూ ఏటా తిరిగే రంగురంగుల బొమ్మని ఇక్కడివాళ్ళు కాస్త గర్వంగానే చూసుకుంటారేమో. ఆ బొమ్మకీ దీపావళికీ ఏ సంబంధమూ లేదు. అమెరికా వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్, జనాభాతోపాటు రాత్రి దీపాలు ఎలా పెరిగాయో చూపడానికి చేసిన కూర్పు అది. 1992కి ముందు నుంచి వెలుగుతున్న చోట్లు తెల్లగా, 1992, 1998, 2003 నాటికి కొత్తగా వెలిగినవి నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో ఉంటాయి. అంటే పదేళ్ళకి పైబడిన సమాచారం ఒక్క రాత్రిగా అవతారమెత్తింది. 2012 దీపావళి సమయంలో నాసా అసలైన ఉపగ్రహ చిత్రం విడుదల చేసి, టపాసుల వల్ల పెరిగే వెలుగు పైనుంచి చూస్తే తేడా తెలియనంత స్వల్పమని చెప్పింది. అయినా అసలు బొమ్మని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. అది అందంగా లేదు మరి.

ఇది నవ్వుకునే రకం. 2018లో తిరిగిన మరో వీడియో అలాంటిది కాదు. బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది పిల్లల భద్రత కోసం 2016లో పాకిస్తాన్‌లోని కరాచీలో తీసిన అవగాహన చిత్రం. చివర్లో ఆ బైకువాళ్ళే పిల్లాణ్ణి వెనక్కి తెచ్చి దింపి, పిల్లల్ని కనిపెట్టుకోవాలన్న సందేశం చూపిస్తారు. ఆ చివరి ముక్క కత్తిరించేసి, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న మాట జోడించారు. ఆ ఏడాది మే 9న తిరువణ్ణామలై జిల్లాలో కులదైవం గుడికి బయల్దేరిన 65 ఏళ్ళ చెన్నై మహిళని, దారిలో పిల్లలకి చాక్లెట్లు ఇచ్చినందుకు, గుంపు కొట్టి చంపింది.

ఇలాంటి పుకార్లు ఎందుకు పుడతాయన్న దాని మీద తొలి అధ్యయనాల్లో ఒకటి మన దేశానిదే, అంతగా ఎవరికీ తెలియకపోయినా. 1934 జనవరి 15న బీహార్‌ని పెద్ద భూకంపం కుదిపేసింది. భూమి కంపించినా పెద్దగా నష్టపోని చోట్ల జనం చెప్పుకున్న మాటల్ని జమునా ప్రసాద్ సేకరించి 1935లో ప్రచురించారు. అక్కడి పుకార్లన్నీ ఇంతకన్నా ఘోరం రాబోతోందన్నవే. భయపడినవాళ్ళు ఊరట మాటలు వెతుక్కోవాలి గాని మరింత భయపెట్టే మాటల్ని ఎందుకు నమ్మారు? ఈ ప్రశ్న అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్‌ని తొలిచింది. గుండెల్లో దడ ముందు పుట్టింది, కళ్ళముందు మాత్రం దానికి తగిన నష్టం లేదు, కాబట్టి ఆ దడకి సరిపోయే కారణాన్ని మనసు వెతుక్కుందని ఆయన వివరించారు. దుర్గానంద్ సిన్హా 1952లో ప్రచురించిన పరిశీలన దీనికి జోడీ. డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడి నిజంగా నష్టపోయిన చోట అలాంటి అతిశయోక్తి పుకార్లు కనిపించలేదు. దెబ్బ తిన్నవాళ్ళకి కారణం వెతుక్కునే పని లేదు.

భయం పుట్టిస్తే, వింత పరుగెత్తిస్తుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన వోసోగీ, రాయ్, అరల్ 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాల్ని పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అబద్ధాన్ని ముందుకు పంపే అవకాశం నిజంతో పోలిస్తే 70 శాతం ఎక్కువ. 1,500 మందిని చేరడానికి నిజమైన కథనానికి అబద్ధంతో పోలిస్తే దాదాపు ఆరు రెట్ల సమయం పట్టింది. యంత్రఖాతాల పనేమోనని చూస్తే, అవి నిజాన్నీ అబద్ధాన్నీ సమానంగానే మోశాయి. తేడా చూపింది మనుషులు. అబద్ధాల్లో కొత్తదనం ఎక్కువ, అదే లాగింది. ఈ లెక్కని ఆరు నిజనిర్ధారణ సంస్థలు తేల్చిచెప్పిన వివాదాస్పద కథనాలకే పరిమితం చేసి చదవాలి, వార్తలన్నిటికీ అంటగట్టకూడదు. అదే సమాచారాన్ని జూల్, ఉగాండర్ 2021లో మళ్ళీ తిరగేశారు. ఒకే సంఖ్యలో జనాన్ని చేరిన అబద్ధాన్నీ నిజాన్నీ పక్కపక్కన పెడితే, అవి వ్యాపించిన తీరులో తేడా కనిపించలేదు. అబద్ధానికి వేరే మార్గమేమీ లేదన్నమాట. నిజం నడిచే దారిలోనే నడుస్తుంది, కాకపోతే ఒక్కో మనిషికి కాస్త తేలిగ్గా అంటుకుంటుంది. ఆ 'కాస్త' అంచె అంచెకీ హెచ్చవేత అవుతుంది, మన గంటల లెక్కలో ఒక్క శాతం 31 అయినట్టు.

ఒకసారి చేరింది పదేపదే చేరితే మరో మెలిక. హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో 1977లో కొందరికి రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు కొన్ని వాక్యాలు చూపించారు. మళ్ళీ మళ్ళీ ఎదురైన వాక్యాలు, నిజమైనా కాకపోయినా, నిజంలా అనిపించడం మొదలైంది. తెలిసినవాళ్ళకి ఈ బెడద ఉండదులే అనుకుంటాం. లీసా ఫేజియో బృందం 2015లో దాన్నీ పరీక్షించింది. వాళ్ళు వాడిన వాక్యాల్లో ఒకటి మనకి భలే నచ్చుతుంది: స్కాట్లండ్ వాళ్ళు కట్టుకునే కుచ్చిళ్ళ పొట్టి లంగాని చీర అంటారు! సరైన జవాబు తెలిసినవాళ్ళు కూడా ఇలాంటి వాక్యాల్ని రెండోసారి చూసినప్పుడు మొదటిసారికన్నా కొంచెం ఎక్కువ నమ్మారు. శ్రీవిల్లిపుత్తూరు వాళ్ళు తమిళనాడు ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది తమ ఊరి 192 అడుగుల గోపురమేనని చిన్నప్పటి నుంచీ వింటారు. 1949లో ఆ చిహ్నం గీసిన చిత్రకారుడు ఆర్. కృష్ణారావు మాత్రం తాను గీసింది మదురై మీనాక్షి గుడి పడమటి గోపురాన్ననే చెప్పారు. ఇన్ని తరాలు విన్న మాట ముందు ఆ ఒక్కమాట ఎంతమందికి ఆనుతుంది?

మరి అబద్ధాన్ని ఆపేదెలా? వాట్సాప్ 2018 జులైలో మనదేశంలో ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒకరికే పంపేలా బిగించింది. అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే ప్రకటించింది. ఇది గంటవాణ్ణి గట్టిగా కొట్టకుండా ఆపడం లాంటిది. పనికొచ్చేదే, కానీ మొదటి గంట కొట్టిందెవరో ఇప్పటికీ తెలియదు.

అది తెలుసుకునే పద్ధతి ఒకటుంది. స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ పదిమంది చరిత్ర ఆచార్యుల్ని, పదిమంది వృత్తి నిజనిర్ధారకుల్ని, 25 మంది విద్యార్థుల్ని కూర్చోబెట్టి కొన్ని వెబ్‌సైట్లని బేరీజు వేయమన్నారు. ఆచార్యులూ విద్యార్థులూ ఆ పేజీనే పైనుంచి కిందిదాకా శ్రద్ధగా చదివారు, సంస్థ గుర్తు గంభీరంగా ఉందా, కింద ఆధారాల పట్టిక ఉందా అని చూశారు. చాలామంది మోసపోయారు. నిజనిర్ధారకులు దాదాపు వెంటనే ఆ పేజీ వదిలేసి, ఈ సంస్థ గురించి బయటివాళ్ళు ఏమంటున్నారో వెతకడానికి వెళ్ళారు. తక్కువ చదివి ఎక్కువ తెలుసుకున్నారు. వీడియో విషయంలోనూ అంతే. దాన్ని పదిసార్లు తిప్పి చూసి తేల్చగలిగింది తక్కువ. ఒక దృశ్యాన్ని ఆపి, ఆ బొమ్మతో ఇంటర్నెట్‌లో వెతికితే పాత తేదీ బయటపడొచ్చు. సంఘటనలో ఉన్న మనిషి ఏమన్నాడో చూస్తే ఇంకా మంచిది. ఇళయరాజా విషయంలో దానికి ఒక్కరోజు ఆగితే సరిపోయేది.

ఈ విద్య ఒక గంట క్లాసుతో వస్తుందా? సుమిత్ర బద్రినాథన్ బీహార్‌లో ఇళ్ళకి వెళ్ళి గంటసేపు శిక్షణ ఇప్పించి చూశారు. 2021లో ప్రచురించిన ఫలితం నిరాశపరిచింది, సగటున ఏ మార్పూ లేదు. ఆమే మరికొందరు పరిశోధకులతో కలిసి బీహార్‌లోనే సుమారు 13,500 మంది బడిపిల్లలకి వారాల తరబడి తరగతులు నడిపించారు. ఈసారి ఫలించింది. నెలలు గడిచినా పిల్లలు మర్చిపోలేదు, వాళ్ళ తల్లిదండ్రుల్లోనూ మార్పు కనబడింది. మన జోగులాంబ గద్వాల జిల్లాలో 2018లో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి చేసింది కూడా ఇలాంటి ఓపిక పనే. ఎండాకాలమైనా జనం ఆరుబయట పడుకోవడం మానేశారన్న కబురుతో ఆమెకి పిల్లల దొంగల వీడియోల సంగతి తెలిసింది. పల్లె పల్లెకీ పోలీసుల్ని పంపి, జానపద కళాకారులతో డప్పు కొట్టించి, పాటలు పాడించి చెప్పించారు. ఆ జిల్లాలో ఆ పుకార్లకి ఒక్క ప్రాణమూ పోలేదు. డప్పు కొట్టేవాడు ఎదురుగా నిలబడి ఉంటాడు. వాడు ఎవరి తరఫున వచ్చాడో ఊరందరికీ తెలుసు, అనుమానముంటే అక్కడే అడగొచ్చు.

దేన్నీ నమ్మకపోవడమే తెలివి అనుకునేవాళ్ళని చూస్తే నాకు ఎక్కువ భయం. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2024 నివేదికలో 47 దేశాలు కలిపి చూస్తే వార్తల్ని చాలావరకు నమ్ముతామన్నవాళ్ళు 40 శాతమే. అబద్ధాల గురించి హెచ్చరించే కొన్ని కార్యక్రమాలు అబద్ధాలతోపాటు నిజమైన వార్తల మీద నమ్మకాన్ని కూడా తగ్గిస్తున్నాయని 2024లో ఎమా హోస్ బృందం చూపింది. వరద హెచ్చరికనీ చిట్కా వైద్యాన్నీ ఒకే గాటన కట్టి పారేసేవాడు మోసపోడు గాని, వరదలో మునుగుతాడు. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విల్లిపుత్తూరు కథ చెబుతూ మధ్యలో రాజనీతి కూడా చెప్పాడు. వేగులవాడు పురవాసి అయి ఉండాలనీ, పలుభాషలు తెలిసినవాడు కావాలనీ అందులో అంటాడు. కబురు మానేయమని కాదు, కబురు తెచ్చేవాణ్ణి చూసి ఎంచుకోమని ఆయన సలహా.

పలుభాషల మాట ఈ ప్రాంతానికి మరీ వర్తిస్తుంది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు, రాసింది తమిళం. తెలుగువాళ్ళు దక్షిణానికి వలస వచ్చిన కథని 'గోపల్ల గ్రామం'లో నూరేళ్ళు దాటిన ముసలావిడ జ్ఞాపకంగా చెప్పించారు. వినేవాళ్ళకి చెప్పేదెవరో తెలుసు, ఆవిడ వయసు తెలుసు, ఎంతవరకు నమ్మాలో వాళ్ళే చూసుకుంటారు. ఇప్పుడు అవే ఇళ్ళ ఫోన్లలోకి వచ్చే వాయిస్ మెసేజ్‌కి పేరూ ఉండదు, ఊరూ ఉండదు. యంత్రం పుట్టించిన గొంతుల్ని, వీడియోల్ని పరీక్షించడానికి డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ 2024 మార్చిలో వాట్సాప్ నంబరు ఒకటి తెరిచింది. ఇంగ్లిష్, హిందీతోపాటు తమిళం, తెలుగు కూడా అందులో ఉన్నాయి. కాకపోతే ఈ నేల మీది తెలుగు, పత్రికల్లో కనిపించే తెలుగు కాదు. ఇక్కడ చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువంతా తమిళంలోనే. ఆ గొంతులో వచ్చిన పుకారుని అక్షరాలతో వెతకడం కుదరదు, హైదరాబాద్ నిజనిర్ధారకులకీ చెన్నై నిజనిర్ధారకులకీ అది కంటబడే అవకాశం తక్కువ. ఆ ఇళ్ళలో ఈ పని చేయగలిగింది తమిళ పత్రిక చదివి, అమ్మమ్మతో తెలుగు మాట్లాడే పిల్లలే. బీహార్ తరగతుల్లాంటివి విరుదునగర్, తూత్తుకుడి బడుల్లో పెడితే పాఠం తమిళంలో ఉన్నా ఇబ్బంది లేదు. ఉదాహరణలు మాత్రం పిల్లలు తమ ఇంటి గ్రూపులోంచి తేవాలి, ఇది నీకు ఎవరు పంపారని పంపినవాళ్ళని వాళ్ళే అడిగి రావాలి.